అల్లం పచ్చడి సాక్ష్యం

మా పత్రికలో చాలా ఏళ్లపాటు నేను వంటల పేజీ చూశాను. ఒక సోమవారం ఎడిటర్ గంగాధరం గారు పిలిచి, ఇకనుంచి రాక్ సంగీతం పేజీ కూడా నన్నే చూడమన్నారు.

"నాకు రాక్ సంగీతం గురించి ఏమీ తెలియదండీ" అన్నాను.

"తెలిసినవాడు రాస్తే ఎవరికీ అర్థం కాలేదు విశాలాక్షి గారూ. మీరు రాయండి" అన్నారాయన.

అంతకుముందు ఆ పేజీ చూసిన అబ్బాయి సంగీతకారులను వాళ్ల అస్తిత్వ వేదన గురించి అడిగేవాడు. వాళ్లు జుట్టు ముఖం మీద వేసుకుని ఇంగ్లీషులో ఏదో చెప్పేవారు. నాకు అడగడం వచ్చిన ప్రశ్నలు వేరు. పొద్దున ఏం తిన్నారు, ఈ నల్ల చొక్కాలు ఎవరు ఉతుకుతారు, రంగు దిగదా, సాధన చేస్తుంటే కింద వాటావాళ్లు ఏమీ అనరా. ఇలా అడిగేసరికి వాళ్లు జుట్టు పక్కకు తోసుకుని, నా ముఖం చూసి, తెలుగులో జవాబు చెప్పేవారు.

చావు మీద తప్ప పాడని గాయకుడొకడున్నాడు దొండపర్తిలో. చొక్కా మీద పెద్ద పుర్రె. ఆ చొక్కాను వాళ్ల నాయనమ్మ డాబా మీద తిరగేసి ఆరేస్తుందట, ఎదురింటి పసిపిల్ల పుర్రెను చూసి జడుసుకుని అన్నం తినడం లేదని. అది రాశాను. నల్లబట్టల రంగు దిగకుండా నానబెట్టే నీళ్లలో ఉప్పు వేయమని పాఠకులు ఉత్తరాలు రాశారు. నా పేజీ నిలదొక్కుకుంది.

ఆ ఊపులోనే మూడో నంబర్ జెండా వాళ్ల దగ్గరికి వెళ్లాను. వాయుగుండం పడితే రేవులో ఎగరేసే హెచ్చరిక జెండా పేరు పెట్టుకున్న బృందం అది. గాజువాకలో నలుగురు పిల్లలు. పాడేదీ గిటారు వాయించేదీ లోవరాజు, వేదిక మీద పేరు లోవా. డ్రమ్స్ జోత్స్న. మిగతా ఇద్దరూ పక్కింటి కవలలు. వాళ్లను ఏ ప్రశ్న అడిగినా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు తప్ప జవాబు చెప్పరు.

లోవరాజు ఇంటి డాబా మీద రేకుల గదిలో వాళ్ల సాధన. శబ్దం బయటికి పోకుండా గోడల నిండా పాత బొంతలు. కుట్టి మేకులకు తగిలించింది లోవరాజు తల్లి నూకరత్నం. పైగదికీ వంటింటికీ ఒకే లైను కావడంతో కింద మిక్సీ వేస్తే పైన యాంప్లిఫయరు ఆగిపోయి ఫ్యూజు ఎగిరిపోయేది.

"అందుకే ఈళ్లు రాకముందే పచ్చడీ పిండీ అన్నీ రుబ్బేసుకుంటానక్కా. ఒకోసారి మర్చిపోయి మిక్సీ వేసేస్తాను. పాట మజ్జిలో చచ్చిపోతాది. నాకే బాధేస్తాది" అంది నూకరత్నం నాతో.

తండ్రి పైడిరాజు రేవులో క్రేన్ నడుపుతాడు. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. చప్పుడుకు ఇబ్బంది కాదా అని అడిగాను. "చెవుల్లో దూది పెట్టుకుంటానండి. దూదిలోంచి వస్తే జోలపాటలాగే ఉంటాది" అన్నాడు.

నూకరత్నం ఆ రోజు అందరికీ మినపరొట్టె వేసి అల్లం పచ్చడి చేసింది. అడిగి మరీ రెండోసారి వడ్డించింది. అవన్నీ వివరంగా రాసి, పక్కన ఒక గడిలో పచ్చడి చేసే పద్ధతి కూడా ఇచ్చాను. శీర్షిక, మిక్సీ ఆగితేనే గిటారు మోగుతుంది.

ఆ వ్యాసం వచ్చిన కొన్నాళ్లకే రాష్ట్ర సమకాలీన ధ్వని కళల మండలి కొత్త ఉత్తర్వు తెచ్చింది.

కారణం లేకపోలేదు. ఆ ఏడాది బీచ్ ఉత్సవంలో ఒక సాయంత్రం మొత్తం రాక్ సంగీతానికి ఇస్తామని మండలి ప్రకటించింది. ఆ కబురు తెలిసి భజన బృందాలు నల్లకళ్లద్దాలు కొనుక్కున్నాయి. పెళ్లి బ్యాండు వాళ్లు జుట్టు పెంచారు. అసలుకూ నకిలీకీ తేడా తేల్చడానికి మండలి నిపుణులు సమావేశమై, భోజనానంతరం ఒక నిర్వచనానికి వచ్చారు. ఉత్తర్వులో ఇలా ఉంది:

"రాక్ సంగీతము తిరుగుబాటు నుండి ఉద్భవించినదని సర్వులకు విదితమే. తిరుగుబాటు వ్యతిరేకత లేనిదే సంభవింపదు. కావున గృహమునందు వ్యతిరేకత లేని యెడల సదరు సంగీతము లలిత సంగీతముగా పరిగణింపబడును."

లలిత సంగీతానికి ఉత్సవంలో పొద్దుట పదింటికి చోటు. జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. విద్యుత్తుతో మోగే వాద్యాలు నిషిద్ధం. ఉత్సవంలోనే కాదు, మండలి గుర్తింపు లేకుండా ఏ కాలేజీలోనూ ఏ హాల్లోనూ రాక్ వాయించడానికి వీల్లేదు.

లోవరాజూ జోత్స్నా మా ఆఫీసుకు వచ్చారు. లోవరాజు వెనక నిలబడ్డాడు, జోత్స్న ముందుకొచ్చింది.

"మమ్మల్ని లలిత సంగీతంలో వేసేశారు మేడం."

"అయ్యో, ఎందుకు?"

"మీ పచ్చడి వల్ల."

"ఊరుకోవే" అన్నాడు లోవరాజు. "ఆవిడేటి చేస్తారు. మా అమ్మ పెట్టింది, ఆవిడ రాశారు."

"నేను కూడా అదే అంటన్నాను. మీ అమ్మ పెట్టింది, ఆవిడ రాశారు, మనం పోయాం." జోత్స్న నా ఎదుటి కుర్చీలో కూర్చుంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్లు నా బల్ల అంచు మీద దరువేస్తున్నాయి. "వచ్చే నెల నేను పుణేలో ఉద్యోగంలో చేరాలి మేడం. ఇంటర్ నుంచి కలిసి వాయిస్తన్నాం. పెళ్లిళ్లలో వాయించాం, షాపు ఓపెనింగుల్లో వాయించాం. ఆ బీచ్ స్టేజీ మీద నలుగురం కలిసి ఒక్కసారి వాయించి ఎల్లిపోదామనుకున్నాను. జంపఖానా మీద కూర్చుని డ్రమ్స్ ఎలాగ వాయిస్తారో మీరే చెప్పండి."

నాకు తెలియదు. వాళ్లను వెంటబెట్టుకుని మండలి కార్యాలయానికి వెళ్లాను.

డిప్యూటీ డైరెక్టరు విశ్వపతి గారు చాలా మర్యాదస్తులు. లేచి నిలబడి నమస్కారం పెట్టారు. నా వ్యాసం ప్లాస్టిక్ కవరులో ఆయన బల్ల మీద ఉంది. ఎర్ర సిరాతో చాలా చోట్ల గీతలు గీసి ఉన్నాయి. రచయిత్రిగా నాకు క్షణకాలం సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. నా వ్యాసాన్ని అంత శ్రద్ధగా ఎవరూ చదవలేదు.

"మండలి దృష్టిలో మీ సంభాషణలు ప్రాథమిక సాక్ష్యాధారములమ్మా" అన్నారాయన. "తల్లిదండ్రులు మాకిచ్చే ప్రకటన అసత్యమయ్యే ప్రమాదం ఉంది. మీరు రుచితో సహా నమోదు చేశారు. ఇక్కడ చూడండి, 'అడిగి మరీ రెండోసారి వడ్డించింది.' వ్యతిరేకించే తల్లి రెండోసారి వడ్డించదు."

"నేను మా ఆయన్ని పాతికేళ్లుగా వ్యతిరేకిస్తూనే వడ్డిస్తున్నానండీ" అన్నాను.

విశ్వపతి గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "అది సంగీత సంబంధమైన వ్యతిరేకత కాదు కదమ్మా" అన్నారు చివరికి.

"మా నాన్న పగలంతా నిద్ర లేకుండా..." అంటూ లోవరాజు మొదలుపెట్టాడు.

"జోలపాట అన్నారు బాబూ మీ నాన్నగారు. మూడో పేరాలో ఉంది." ఆయన జాలిగా తల ఊపారు. "మీ ఇంట్లో తిరుగుబాటుకు తగిన వాతావరణం శూన్యమని చెప్పడానికి చింతిస్తున్నాను. అయినప్పటికీ మండలి కఠినమైనది కాదు. పునఃపరిశీలనకు అవకాశం కల్పిస్తున్నాము. అంతవరకూ తల్లిదండ్రుల కోసం వ్యతిరేకతా నైపుణ్య శిబిరములు నిర్వహిస్తున్నాము. అమ్మగారిని పంపించండి."

శిబిరం ఒక కళ్యాణ మండపంలో జరిగింది. నూకరత్నానికి తోడుగా నేనూ వెళ్లాను. పెళ్లి పీటల మీద మైకు పెట్టి, ఎదురుగా తల్లులనూ తండ్రులనూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. పాఠం చెప్పింది సూర్యప్రకాశం మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. గిటారు పట్టుకున్నాడన్న ఒకే కారణంతో కొడుకుతో ఏళ్ల తరబడి మాట మానేసిన మనిషి. జిల్లాలో అంతటి నిఖార్సయిన వ్యతిరేకత మరొకటి దొరకలేదని మండలి ఆయనకు శాలువా కప్పి, కారు పంపి తీసుకొచ్చింది.

"మొదట నిట్టూర్పు" అన్నారు మాస్టారు. "పొట్టలోంచి రావాలి. తర్వాత దేవుడి పటం వైపు ఒక చూపు. ఆ తర్వాత పక్కింటి అబ్బాయి ప్రస్తావన. ఏదీ, అందరూ అనండి. పక్కింటి అబ్బాయిని చూసి నేర్చుకో."

"పక్కింటి అబ్బాయిని చూసి నేర్చుకో" అంది సభ మొత్తం.

నూకరత్నం చెయ్యెత్తింది. "మా పక్కింటి గుంటలిద్దరూ ఈడితోనే వాయిస్తన్నారండి. ఎవుణ్ణి చూసి నేర్చుకోమనాలి?"

"ఎదురింటి అబ్బాయి లేడా?"

"ఉన్నాడండి. ఆడు పాట వినడానికి మా ఇంటికే వస్తాడు."

మాస్టారు ఆమెను బలహీన విద్యార్థుల వరసలో, చివరి కుర్చీలో కూర్చోమన్నారు.

ఆ శిబిరాల్లో మాస్టారికి మంచి పేరొచ్చింది. పేరొచ్చిన కొద్దీ ఆయనకు కొడుకు మీద కోపం సన్నగిల్లింది. వాడు గిటారు పట్టుకోబట్టే కదా ఇంత గౌరవం అని ఒకరోజు మైకులోనే అనేశారు. మర్నాడు కొడుకుతో మాట్లాడారు. ఆపై వారం ఇద్దరూ కలిసి హోటలుకెళ్లి అట్టు తిన్నారని మండలికి సమాచారం అందింది. ఇంట్లో ఆనందం నెలకొన్న కారణంగా మాస్టారి నియామకాన్నీ కొడుకుకు ఇచ్చిన రాక్ గుర్తింపునూ ఒకే ఉత్తర్వుతో రద్దు చేశారు.

ఈలోగా రాక్ సంగీతకారులతో నా సంభాషణలు మారిపోయాయి. ఇదివరకు నేను వాళ్ల వెంటపడేదాన్ని. ఇప్పుడు వాళ్లే ఫోన్లు చేస్తున్నారు.

"మేడం, మా నాన్న నన్ను ఇంట్లోంచి గెంటేశారని రాస్తారా?" అన్నాడొక బేస్ గిటారు అబ్బాయి.

"నిజంగా గెంటేశారా?"

"నాలుగింటి నుంచి ఆరింటి దాకా గెంటేయడానికి ఒప్పుకున్నారండి. ఆరింటికి టిఫిను."

పుర్రె చొక్కా అబ్బాయి, వాళ్ల నాయనమ్మ ఆ చొక్కాను తగలబెడుతోందని రాయమన్నాడు. మధ్యలో ముసలావిడే ఫోను లాక్కుంది. "నేను తగలెట్టనమ్మా, మంచి గుడ్డ. కావలిస్తే చినిగిపోయాక మసిగుడ్డ చేసుకుంటానని రాయి" అంది.

నేను రాయలేదు. మనిషి అన్నదే రాయడం వంటల పేజీలో అలవాటు. ఉప్పు వేయని కూరలో ఉప్పు వేశామని రాస్తే మర్నాడు ఎన్ని ఉత్తరాలు వస్తాయో నాకు తెలుసు. కానీ ఆ అలవాటు వల్లనే మూడో నంబర్ జెండా దిగిపోయిందన్నది కూడా నాకు తెలుసు. అందుకని మండలి వాళ్లు పునఃపరిశీలనకు వచ్చే రోజు నేను ముందుగానే గాజువాక వెళ్లాను.

పై గదిలో జోత్స్న నూకరత్నానికి తిట్టడం నేర్పుతోంది.

"మళ్లీ అనండి ఆంటీ. నీ మొహానికి గిటారొకటా."

"నీ మొహానికి గిటారొకటా" అంది నూకరత్నం. లోవరాజు ముఖం చూసింది. "మొహానికేటే, బాగానే ఉన్నాది కదా."

"అమ్మా, నన్ను చూడకు. గోడ చూసి తిట్టు" అన్నాడు లోవరాజు.

"గోడ నా బొంతే కదరా. దాన్నేటని తిట్టను?"

"ఆంటీ, నేను పుణే ఎల్లిపోతాను" అంది జోత్స్న. "ఇదొక్కటీ చెయ్యండి నా కోసం."

నూకరత్నం కొంగుతో ముఖం తుడుచుకుని, గోడ వైపు తిరిగి పెదాలు కదుపుతూ మళ్లీ వల్లె వేయడం మొదలుపెట్టింది.

మండలి వాళ్లు ముగ్గురొచ్చారు. విశ్వపతి గారు, ఆధునిక ఆగ్రహ ధోరణుల మీద పరిశోధన చేసిన ఒక ఆచార్యుల వారు, శబ్దం కొలిచే మీటరుతో సత్యారావనే ఉద్యోగి. సత్యారావు అసలు ఉద్యోగం ఎక్కువ చప్పుడు చేసేవాళ్లకు నోటీసులివ్వడం. చాలినంత చప్పుడు చేయని తల్లిదండ్రులను గుర్తించడానికి అతన్ని డెప్యుటేషన్ మీద తీసుకున్నారు.

నూకరత్నం తలుపు తీసింది. "రండి బాబు, ఎండలో వచ్చేరు. మజ్జిగ తాగుతారా?"

ఆచార్యుల వారు వెంటనే ఏదో రాసుకున్నారు. జోత్స్న నుదురు పట్టుకుంది.

అందరూ పై గదిలో సర్దుకున్నాక విశ్వపతి గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, తమ దైనందిన జీవితంలో కుమారుని సంగీతం పట్ల తాము ఏ విధంగా వ్యతిరేకత వ్యక్తం చేయుదురో, ఆ విధంగానే సహజంగా వ్యక్తం చేయవలసినదిగా మండలి కోరుతున్నది. మేము ఇక్కడ లేమనుకోండి."

నూకరత్నం నిట్టూర్చింది. దేవుడి పటం ఆ గదిలో లేదు, కరెంటు మీటరు వైపు చూసింది.

"ఏరా లోవా" అంది. "ఈ... ఈ గిటారు ఎందుకురా నీకు. నీ మొహానికి..." అక్కడ ఆగిపోయింది. "పొద్దున్నుంచి మొహం అలగ పీక్కుపోయిందేట్రా. తిన్నావా?"

సత్యారావు మీటరు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఫ్యాను శబ్దమే ఎక్కువ వస్తోంది సార్."

"ఇంకొక్కసారి అడగండి బాబు, సరిగ్గా అంటాను" అంది నూకరత్నం. మళ్లీ అంది. ఈసారి ఫ్యాను ఆపారు. ఫలితం మారలేదు.

విశ్వపతి గారు నిజంగానే బాధపడ్డారు. ఆయన చెడ్డవారు కారు, నిబంధనలన్నీ చదివిన మనిషి. "ఒక మార్గమున్నది" అన్నారు. "గృహస్థులు స్వహస్తములతో వాద్యమును ధ్వంసం చేసిన పక్షంలో, ఇతర పరీక్షల అవసరం లేకుండానే గుర్తింపు ఇవ్వవచ్చును. తొమ్మిదవ నిబంధన." ఆయన లేచి, స్టాండు మీదున్న లోవరాజు గిటారును మెడ పట్టుకుని తీసి నూకరత్నం ముందు చాపారు. "ఒక్కసారి నేలకేసి కొడితే చాలునమ్మా. మీ అబ్బాయి కోసమే."

సత్యారావు మీటరు దగ్గరికి జరిపాడు.

లోవరాజు గోడకు ఆనుకున్నాడు. "కొట్టీ అమ్మా" అన్నాడు. "పరవాలేదు. ఆ రోజుకి ఎవుడిదైనా అడిగి తెచ్చుకుంటాను. జోత్స్న ఎల్లిపోతాది కదా."

కవలలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నూకరత్నం గిటారు వైపు చూసింది. దాని పట్టీ ఆమె పాత నేతచీర అంచుది, ఆమే కుట్టింది. ఆ పట్టీ మీద విశ్వపతి గారి బూటు కాలు ఉంది. గిటారు చాపిన హడావిడిలో ఆయన చూసుకోలేదు. బూట్లతోనే లోపలికొచ్చారన్న సంగతి కూడా మాకందరికీ అప్పుడే కనిపించింది.

"కాలు తీయ్ బాబూ" అంది నూకరత్నం మెల్లగా.

ఆయన తీశారు.

"చెప్పులిప్పి లోనికి రావాలని తెలీదేటి? ఎవుడడిగాడు నిన్ను మా డాబా ఎక్కమని? నా కొడుకుని నేను తిట్టాలని ఎవుడడిగాడు? తాగొచ్చి రోడ్డు మీద పడే గుంటలున్నారు ఈ ఈధిలో. ఆళ్ల ఇళ్లకి ఎల్లేవా? ఆళ్ల అమ్మల్ని అడిగేవా? కుళాయిలో నీళ్లు రావు, మీటరట్టుకొని ఎవుడైనా వచ్చేడా? కొడుకుని తిట్టడం నేర్పడానికి కళ్యాణ మండపం బుక్ చేసేరు, మైకు కట్టేరు, ఎవుడడిగాడు?"

ఏ చప్పుడైనా రెండుసార్లు ఒకేలా వినిపిస్తే జోత్స్న వేళ్లు ఊరుకోవు. మూడో "ఎవుడడిగాడు" దగ్గర ఆమె చేతిలోకి పుల్లలెలా వచ్చాయో తెలియదు. డ్రమ్ము మీద దెబ్బ పడింది.

"పెంచిన చేత్తో ఇరగ్గొట్టమంటావా? ఎవుడడిగాడు? అన్నం పెడితే తప్పేటి? పచ్చడి పెడితే నేరమేటి? మీ అమ్మ నీకు ముద్ద కలిపి పెట్టనేదా? రెండోసారి వడ్డించనేదా? వడ్డించొద్దని ఎవుడడిగాడు?"

లోవరాజు వచ్చి విశ్వపతి గారి చేతుల్లోంచి గిటారు తీసుకున్నాడు. పట్టీ భుజానికి తగిలించుకుని యాంప్లిఫయరు తీగ గుచ్చాడు. కవలలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని వాయించడం మొదలుపెట్టారు. నాకు రాక్ సంగీతం తెలియదు. పోపు ఎప్పుడు చిటపటలాడిందో మాత్రం తెలుస్తుంది. గోడల మీద బొంతలు ఊగుతున్నాయి.

ఆమె అలిసిపోయి ఆగింది. జోత్స్న ఒక్క దెబ్బతో ముగించింది.

"సార్, ముల్లు చివరికెళ్లి అంటుకుపోయిందండి. కిందికి రావడం లేదు" అన్నాడు సత్యారావు.

ఆచార్యుల వారి కళ్లు చెమ్మగిల్లాయి. "ఇది స్వచ్ఛమైన ధిక్కారము. నా పరిశోధనలో ఎక్కడా దొరకలేదు" అన్నారు.

"ధిక్కారము ఉన్నది, కాదనను" అన్నారు విశ్వపతి గారు. ఆయన బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, గోడ బొంతకు ఆనుకుని కింద కూర్చుని నిబంధనల పుస్తకం తిరగేస్తున్నారు. "అయితే అది కుమారుని మీద కాదు, మండలి మీద. ఆ బాలునికి గృహమునందు వ్యతిరేకత లేదని మరింత బలంగా రుజువైంది." చాలాసేపు వెతికి తలెత్తారు. "తిరుగుబాటు చేసినది అమ్మగారు. ఉద్భవించిన సంగీతము కూడా అమ్మగారిదే. కావున రాక్ కళాకారిణి అమ్మగారే. ఈ నలుగురూ పక్కవాద్యములు. పక్కవాద్యములకు వ్యతిరేకత అవసరం లేదు."

"నేను పాట పాడనేదు బాబూ" అంది నూకరత్నం.

"అయితే అమ్మగారికి గృహమునందు వ్యతిరేకత ఉన్నదా అనే ప్రశ్న ఉత్పన్నమవుతున్నది" అన్నారు విశ్వపతి గారు.

అప్పుడే పైడిరాజు మెట్లెక్కి వచ్చాడు. లుంగీ కట్టుకుంటూ, ఒక చేతిలో చెవి దూది పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏటయిందే? ఎవుడితో ఆ గొడవ?"

"అయ్యా, మీ శ్రీమతి గారు ఇప్పుడు చేసిన దానికి మీకేమైనా అభ్యంతరం ఉన్నదా?"

"నిద్ర పాడైపోయింది బాబూ" అన్నాడు పైడిరాజు.

"నమోదు చేయండి" అన్నారు విశ్వపతి గారు.

గుర్తింపు మర్నాడే వచ్చింది. శ్రీమతి నూకరత్నం, రాక్ కళాకారిణి, పక్కవాద్య సహితం. ఉత్సవంలో రాత్రి మొదలయ్యే ముందు, దీపాలు వెలిగే వేళ చోటిచ్చారు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. నూకరత్నానికి కారణం లేకుండా కోపం రాదు. ఇంట్లో సాధనకు కూర్చుంటే "ఎవుడడిగాడు" అని మొదలుపెట్టి "ఎవురికి ఏటి కావాలి" అని ముగిస్తోంది. ఈ సంగతి లోవరాజే మండలికి విన్నవించాడు. మండలి అత్యవసర సమావేశం జరిపి, విశ్వపతి గారిని ఆ కళాకారిణికి ప్రేరణాధికారిగా నియమించింది. కచేరీ జరిగినంతసేపూ ఆయన మొదటి వరసలో, కళాకారిణికి కనిపించేలా, బూట్లతో కూర్చోవాలి.

ఆ సాయంత్రం బీచ్ రోడ్డు నిండిపోయింది. నూకరత్నం వేదిక ఎక్కి జనాన్ని చూసి వెనక్కి తిరిగింది. జోత్స్న డ్రమ్స్ వెనక నుంచి "ఆంటీ, కింద మొదటి వరస" అంది. నూకరత్నం చూసింది. విశ్వపతి గారు, విధి నిర్వహణలో భాగంగా, లోవరాజు గిటారు పెట్టె మీద ఒక కాలు పెట్టి కూర్చున్నారు.

"కాలు తీయ్ బాబూ" అంది మైకులో.

తర్వాత జరిగింది అక్కడున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. కుళాయి నీళ్ల మాట రాగానే జనం గొంతు కలిపారు. మీటరు మాట వచ్చేసరికి ఐస్‌క్రీం బండ్లవాళ్లూ బుడగలవాళ్లూ కూడా "ఎవుడడిగాడు" అంటున్నారు. ప్రేరణాధికారి గారు సైతం రెండుసార్లు పెదాలు కదిపారు.

ఒక్క పాటకే ఆమె మైకు వదిలేసింది. "నా నోరు నొప్పెడతన్నాది. ఇంక మీరు వాయించుకోండి నాన్నా" అని వెనక్కెళ్లి, యాంప్లిఫయరు స్విచ్చుల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. ఎవరూ ఏమీ గుచ్చకుండా కాపలా. మూడో నంబర్ జెండా వాళ్లు తమ పాటలన్నీ వాయించారు. మధ్యలో ఒక్కసారి కూడా కరెంటు పోలేదు. ఆఖరి పాట అయిపోయాక కూడా జోత్స్న ఆపలేదు. మిగతా ముగ్గురూ వాద్యాలు దించేసి, వెనక్కి తిరిగి ఆమెనే చూస్తూ నిలబడ్డారు. ఆమెకు తోచినంతసేపు వాయించి, పుల్లలు రెండూ నూకరత్నం ఒళ్లో పెట్టింది.

వేదిక వెనక విశ్వపతి గారు నా దగ్గరికి వచ్చారు.

"ఈ గుర్తింపు ఒక సంవత్సరం పాటు మాత్రమే చెల్లుబాటమ్మా" అన్నారు. "వచ్చే ఏడాది పునరుద్ధరణకు మీ వ్యాసమే ఆధారము. కళాకారిణి గారి ఆగ్రహ స్థితి ఏ విధంగా ఉన్నదో, అటుపిమ్మట గృహస్థుల ప్రవర్తన ఏ విధంగా ఉన్నదో, మీరు చూసింది చూసినట్టు రాయవలసిందని మనవి."

చూసింది చూసినట్టే రాస్తానని మాటిచ్చాను. ఆ ఆదివారం పత్రికలో నేను రాసింది ఇది.

కచేరీ అయ్యాక శ్రీమతి నూకరత్నం ఎవరితోనూ ప్రసన్నంగా మాట్లాడలేదు. ఆమె భర్త పైడిరాజు గారు నిద్ర పాడైందన్న అభ్యంతరంతోనే రేవు డ్యూటీకి వెళ్లిపోయారు, వేదిక ముందు నిలబడి చప్పట్లు కొట్టింది ఆయన కాదు. వేదిక వెనక స్టూలు మీదున్న నాలుగు గిన్నెల క్యారేజీ ఎవరిదో తెలియరాలేదు. అందులోని మినపరొట్టెను ఎవరూ ముక్కలు చేయలేదు, విస్తరాకుల్లో పెట్టి పిల్లలకు ఇవ్వలేదు. రేపు రైల్లో తినడానికని జోత్స్నకు విడిగా పొట్లం కట్టలేదు. ప్రేరణాధికారి గారు బూట్లు విప్పి కింద కూర్చోలేదు. ఆయనకు రెండోసారి ఎవరూ వడ్డించలేదు, ఆయనా అడగలేదు.

అల్లం పచ్చడి నేను చూడలేదు. ఈసారి బెల్లం కొంచెం ఎక్కువైందన్న మాట కూడా నాది కాదు.